ఎఫ్.ఎస్. అంటే ఫస్టు షిఫ్టు

పోయిన వారం రజిత వచ్చింది. మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడైన మల్లేశం మామ బిడ్డ తను. మామ పోయి ఏడాది దాటింది. చౌరస్తా దగ్గరున్న ఆయన స్పీకర్ల రిపేరు దుకాణాన్ని ఇన్నాళ్లూ అలాగే తాళం వేసి ఉంచి, ఇప్పుడు ఖాళీ చేస్తున్నారు. "తుక్కాయనకు అన్ని ఎత్తి ఏస్తుంటే దీని మీద నీ చేతిరాత కనవడ్డది వదినా. పారేద్దామంటే మనసు రాలే," అంటూ షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన గోనెసంచి విప్పింది. అందులో ఎనిమిదంగుళాల స్పీకరు ఉంది. పెట్టె లేదు, ముందు జాలీ లేదు. ఇనుప చట్రం, నల్లటి కాగితపు కోన్, వెనక బరువైన మాగ్నెట్, అంతే. మాగ్నెట్ మీద తెల్ల పెయింటుతో, అగ్గిపుల్లతో రాసినట్టున్న వంకర అక్షరాల్లో "ఎఫ్.ఎస్. 62?" అని ఉంది. అక్షరాలూ నావే, ఆ ప్రశ్నార్థకమూ నాదే. కోన్ మీద, నడిమి బుడిపెకు అటొకటి ఇటొకటి, పెన్సిల్‌తో గీసిన రెండు చిన్న వలయాలు ఇంకా కనిపిస్తున్నాయి. అవి మా బాపు వేళ్లు పెట్టిన చోట్లు.

రజితకు చాయ పెట్టి ఇచ్చాను గానీ ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ స్పీకరును బల్ల మీద పెట్టుకుని, కోన్ మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టాను. "బుమ్" అంది. తగ్గు గొంతుతో, తొందర లేకుండా. అలా కొట్టి వినడం నాకు పుస్తకాలు నేర్పలేదు. అది మా ఇంట్లో అందరికీ ఉన్న అలవాటు. ఆ అలవాటు బాపుది.

బాపు అంటే మా నాన్న, పేరు ఓదెలు. గనిలో కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టే పని. దుంగ నిలబెట్టే ముందు కప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిచిన కప్పు బొద్దుమంటుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య తేడాలోనే ఆయనా, ఆయనతో పనిచేసే నలుగురూ సాయంత్రం ఇల్లు చేరడం ఉండేది. ఆ అలవాటు డ్యూటీ దిగినా దిగేది కాదు. అంగట్లో కుండ కొనాలంటే కొట్టి చూసేవాడు. గుమ్మడికాయను కొట్టేవాడు, కొత్తగా కట్టిన గోడను కొట్టేవాడు, చుట్టాల ఇంటికి పోతే వాళ్ల తలుపును కొట్టి "మంచి టేకు" అనేవాడు. నాకు దగ్గు వస్తే వీపు మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, "ఏం లేదు, కప్పు గట్టిగనే ఉన్నది" అనేవాడు. మా అవ్వ నవ్వాపుకోలేక, "పెండ్లి సూపులకు వచ్చినప్పుడు నన్ను సుత కొట్టి సూద్దామనుకున్నడు, మా నాయిన ఉన్నడని ఆగిండు," అనేది.

మాది రెండు గదుల క్వార్టరు. ముందు వరండాలో బొగ్గు పొయ్యి ఉండేది. పొద్దుగూకే వేళకు వరుసలోని పొయ్యిలన్నీ ఒకేసారి రాజుకునేవి, ఆ పొగ నేల మీదే పరుచుకుని మా బట్టలకూ జుట్టుకూ పట్టుకునేది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి బొగ్గు పొగ తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, తర్వాత దగ్గు వస్తుంది. మా ఇంట్లో కాలం గంటలతో నడిచేది కాదు, షిఫ్టులతో నడిచేది. అవ్వ అన్నం ఎప్పుడు వండాలి, మేం గట్టిగా మాట్లాడవచ్చా, రేడియో పెట్టవచ్చా, అన్నీ బాపు షిఫ్టును బట్టే. నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చిన కొత్తలో గోడ క్యాలెండరు మీద ఒక వారానికి ఎఫ్.ఎస్., ఇంకో వారానికి ఎస్.ఎస్., మరో వారానికి ఎన్.ఎస్. అని రాయడం మొదలుపెట్టాను. ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు అన్నమాట. అవ్వకు చదువు రాకపోయినా ఆ మూడు గుర్తులనూ బొమ్మల్లాగా గుర్తుపట్టేది.

ఇంకో సంగతి చెప్పాలి. మధ్యాహ్నం పూట, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు ఉండేది. ముందు సైరను, కాసేపటికి కాళ్ల కింద నుంచి వచ్చే ఒక మెత్తటి దెబ్బ. అప్పుడు మా వంటింటి అరలో ఇరవై గిన్నెలుంటే ఇరవైలో ఒక్కటే, అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు మీది మూత మాత్రం, సన్నగా జుంయ్‌మని పలికేది. పక్కనున్న గ్లాసులు మాట్లాడేవి కావు. చెంబును అటు జరిపినా, ఇటు జరిపినా అదే పలికేది. "దానికొక్కదానికే ఎందుకో గంత భయం," అనేది అవ్వ. ఎందుకన్న ప్రశ్న నా మనసులో చాలా ఏళ్లు అలా అరలోనే ఉండిపోయింది.

ఇంటర్ మొదటి సంవత్సరంలోనే నా చదువు ఆగింది. లెక్కలు తప్పాను, మళ్లీ కట్టలేదు. ఊరికే ఇంట్లో ఉండటం దేనికని మల్లేశం మామ నన్ను దుకాణానికి రమ్మన్నాడు. కాలిపోయిన స్పీకర్లకు కొత్త కాయిల్ చుట్టడం నా పని. వెంట్రుకంత రాగి తీగను కాగితపు గొట్టం మీద చుట్టుకు చుట్టు ఆనించి చుట్టాలి, ఒక్క చుట్టు మీదికెక్కినా స్పీకరు గరగరమంటుంది. ఆ దుకాణంలో రెండు వాసనలు ఉండేవి. కోన్ అతికించే రబ్బరు సొల్యూషన్ వాసన తల తిప్పేది, టంకం పెట్టినప్పుడు లేచే పొగ మాత్రం గుడిలో ధూపంలా ఉండేది. మామ చేతిలో గొప్ప పనితనం ఉండేది. చదువు మాత్రం ఐదో తరగతి.

కొత్త స్పీకర్లు డజను చొప్పున అట్టపెట్టెలో వచ్చేవి. ప్రతి దానితో ఒక చిన్న కాగితం ఉండేది. ఎన్ని ఓములు, ఎన్ని వాట్లు, కింద ఒక వరుసలో ఎఫ్.ఎస్. 62 హెచ్.జెడ్. అని. మొదటి రోజు ఆ కాగితం చూసి నేనేమీ అడగనే లేదు. ఎఫ్.ఎస్. అంటే ఏమిటో మా ఇంటి క్యాలెండరుకే తెలుసు కదా. మామ కూడా అదే చెప్పాడు. "ఫస్టు షిఫ్టుల తయారైన మాలు కోడలా. మనిషి రాత్రి కడుపు నిండ తిని, పండుకుని లేసి చేస్తడు గద, చెయ్యి నిమ్మళంగ ఉంటది. నైటు షిఫ్టుల చేసినయైతే కాయిల్ వంకరుంటది." గిరాకీ వస్తే ఆ కాగితం చూపించి, "ఇగో, ఫస్టు షిఫ్టు మాలు, గ్యారంటీ," అనేవాడు. వచ్చేవాళ్లంతా గనుల వాళ్లే. ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదు, తలూపి కొనుక్కునేవారు.

మరి 62 ఏంటి అని అడిగితే, "గా షిఫ్టుల అరవై రెండో పీసు," అన్నాడు. హెచ్.జెడ్.? "హైదరాబాదు జోను." ఆయన గొంతులో ఒక్క వణుకు లేదు. కానీ ఒక మధ్యాహ్నం డజను పెట్టె నేనే విప్పాను. పన్నెండు కాగితాల మీదా 62 ఉంది.

"మామా, పన్నెండు సుత అరవై రెండో పీసులేనా?"

మామ టంకం కడ్డీ ఆపి చూశాడు. "ఒక్కో రోజుది ఒక్కోటి ఏరి పెట్టి ఉంటరు."

"మరి సెకండు షిఫ్టోళ్లు ఏం చేస్తరు? ఎస్.ఎస్. అని ఇన్నేండ్లల్ల ఒక్కటన్న వచ్చిందా?"

"వాళ్లు మాగ్నెట్లు చేస్తరు," అన్నాడు మామ. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది. "నీకు గంత అనుమానముంటే నీ లైబ్రరీల సూసి రా పో. నేను చెప్పింది తప్పయితే గీ డజన్ల ఒక స్పీకరు నీదే."

గ్రంథాలయం బస్టాండు వెనక రెండు గదుల్లో ఉండేది. పొద్దున పేపర్ల గది నిండా సెకండు షిఫ్టు వాళ్లు, సాయంత్రం ఫస్టు షిఫ్టు వాళ్లు. పుస్తకాల గదిలో మాత్రం ఎప్పుడూ నేనే. నాకు ఏ మాత్రం చదువు ఉందన్నా అది ఆ గది ఇచ్చిందే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే ఉంది. లైబ్రేరియన్ సారు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. రేడియో పనికి సంబంధించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అడిగితే దుమ్ము దులిపి ఇస్తూ, "ఇది కొన్న నాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదమ్మాయ్. నువ్వే ప్రారంభోత్సవం చేస్తున్నావు," అన్నారు. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేలా చదివాను. స్పీకర్ల అధ్యాయంలో, చిన్న అక్షరాల పట్టికలో, మా ఎఫ్.ఎస్. దొరికింది. షిఫ్టు కాదు. దాన్ని తెలుగులో ఏమంటారోనని విజ్ఞాన పదకోశం తిరగేస్తే రెండు పెద్ద మాటలు వచ్చాయి. అనునాదం. పౌనఃపున్యం.

అనునాదం తేలిగ్గానే అర్థమైంది, ఒక నాదం వెంట పలికే నాదం. పౌనఃపున్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. పునః పునః, మళ్లీ మళ్లీ, అన్నదాంట్లోంచి పుట్టిందా మాట. ఒక సెకనులో ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ కదులుతుందో ఆ లెక్క. హెచ్.జెడ్. ఆ లెక్కకు గుర్తు, హైదరాబాదుతో దానికి ఏ సంబంధమూ లేదు. కాగితపు కోన్‌కూ దాని వెనక కాయిల్‌కూ ఒక బరువు ఉంటుంది. వాటిని పట్టుకుని ఉండే అంచుకూ, లోపలి ముడతల గుడ్డకూ ఒక బిగువు ఉంటుంది. ఆ బరువుకూ ఆ బిగువుకూ కుదిరిన సహజమైన ఊపు ఒకటుంటుంది. వేలితో కొట్టి వదిలేస్తే ఆ ఊపునే ఊగుతుంది, ఆ ఊపుతో సమానమైన చప్పుడు తగిలితే అన్నిటికంటే ఎక్కువగా చలిస్తుంది. 62 అంటే అదీ. దానికి బాగా కిందనున్న స్వరాలను ఆ స్పీకరు గట్టిగా పలకలేదు. బరువు పెరిగితే ఆ సంఖ్య తగ్గుతుంది, బిగువు పెరిగితే పెరుగుతుంది. అది మంచి చెడుల మార్కు కాదు, ఆ స్పీకరు స్వభావం. పుస్తకం మూసి కూర్చుంటే అవ్వ చెంబు గుర్తొచ్చింది. అది భయం కాదు. భూమి లోపలి నుంచి వచ్చిన దెబ్బలో ఆ మూత ఊపు కూడా ఉంది, దాన్ని పిలిస్తే అది పలికింది. ఇరవై గిన్నెల్లో పేరు పెట్టి పిలిచినట్టు. ఆ సాయంత్రం గ్రంథాలయం నుంచి ఇంటికి నేను నడవలేదు, పరుగెత్తాను.

బాపు మంచం మీద కూర్చుని కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. చెంబు సంగతి, స్పీకరు సంగతి ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన నా పెదవుల వైపే చూస్తూ విని, "ఏందే గది, ఏం పుణ్యం?" అన్నాడు.

"పుణ్యం కాదు బాపు, పౌనఃపున్యం."

"గదే, పుణ్యమే. మంచిగున్నది. కప్పుకు సుత ఉంటదా గది?"

"ఉంటది. కొడితే ఖంగుమనేది అదే గద."

"అయితే నేను ఇరవై ఏండ్ల సంది పుణ్యం చేస్తున్న," అని అవ్వ వైపు తిరిగి అన్నాడు. "ఇంటున్నవానే? నీకే తెల్వది." అవ్వ గిన్నెలు తోముతూ, "పుణ్యం తర్వాత, ముందు నీళ్లు తోడుకో అని మూడుసార్లు చెప్పిన, ఇన్నవా?" అంది. బాపు ఆమె మాట వినలేదు. ఆయనకు వీపు తిప్పి మాట్లాడింది కదా. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

పందెం తేల్చడానికి కొలిచి చూపించాలి. మామ దగ్గర రకరకాల స్వరాలు పుట్టించే పాత యంత్రం ఒకటి ఉండేది, ఒక గుండ్రటి మీట తిప్పితే స్వరం కింద నుంచి పైకి పోతుంది. పుస్తకంలో చెప్పినట్టు మధ్యలో ఒక రెసిస్టరు పెట్టి, స్పీకరు రెండు తీగల మీద మీటరు కొసలు ఆనించాలి. మెల్లగా స్వరం పెంచుకుంటూ పోతే ఒక చోట మీటరు ముల్లు ఎగిరి శిఖరం చేరి, దాటగానే పడిపోతుంది. ఆ శిఖరమే ఎఫ్.ఎస్. బాపు ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, నా విద్య చూడటానికి నేరుగా దుకాణానికి వచ్చాడు. కోన్ మీద చిటికెడు ముగ్గుపిండి చల్లాను. మీట తిప్పుతుంటే పిండి ముందు వణికింది, తర్వాత గింజలు గింజలుగా ఎగరడం మొదలుపెట్టింది. ముల్లు శిఖరానికి చేరింది. మీట మీద అంకె చూస్తే 70. కాగితం మీద 62 కదా! నేను ముఖం వేలాడేశాను. మామ మాత్రం, "చూసినవా, అరవై రెండు కాదు. పీసు నంబరే!" అని చప్పట్లు కొట్టాడు.

అప్పుడే నేను మాగ్నెట్ మీద పెయింటుతో 62 రాసి ప్రశ్నార్థకం పెట్టాను. బాపు మా గొడవ పట్టించుకోకుండా వంగి, కోన్ మీద రెండు వేళ్లు, ఈగ వాలినంత తేలిగ్గా పెట్టాడు. "తిప్పు బామ్మర్ది." మామ కింద నుంచి తిప్పాడు. బాపు కళ్లు ఎటో ఉన్నాయి. ముల్లు శిఖరానికి వచ్చిన క్షణంలోనే, ముల్లు వైపు చూడకుండానే, "ఆగు. గిక్కడ పలికింది," అన్నాడు. మళ్లీ తిప్పించాం, మళ్లీ అక్కడే ఆపాడు. నాకు మీటరు కావాల్సి వచ్చింది, ఆయనకు వేళ్లు చాలాయి. ఆ వేళ్ల చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాను, రేపు మళ్లీ అక్కడే పెట్టమందామని.

"పైకి సుత పోనియ్యి, ఎందాక పాడుతదో సూద్దాం," అన్నాడు బాపు. మామ మీట తిప్పుతూ పోయాడు. స్వరం ఈల అయింది, ఈల సూదయింది. ఎదురు హోటల్లో చాయ తాగేవాళ్లు తిరిగి చూశారు. నేను చెవులు మూసుకున్నాను. బాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మామతో, "బంద్ జేసినవా?" అని అడిగాడు.

మామ నవ్వాడు. "ఏం ఏషాలు బావా! చెవులు చిల్లులు వడుతుంటే." బాపు కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణం నాకు కనిపించింది. అవ్వ మూడుసార్లు చెప్పిన మాట, నా పెదవుల వైపు చూసిన చూపు, రేడియో దగ్గరకు జరిగి కూర్చోవడం, అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. బొద్దుమనే చప్పుడు కింది స్వరాల్లో ఉంటుంది, ఖంగు మాత్రం పైనుంటుంది, పైది వినపడని చెవికి రెండు కప్పులూ ఒకటే. నాలుగు రోజుల కిందటే చదివాను ఆ పేజీ.

ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాం. దారిలో ఆయనకు ఎదురుగా నిలబడి అడిగాను. "బాపు, కప్పు ఎట్ల సూస్తున్నవ్?"

ఆయన తప్పించుకోలేదు. రోడ్డు పక్కన ప్రహరీ గోడకు ఎడమ అరచెయ్యి ఆనించి, కుడి చేతి కణుపులతో కొట్టాడు. "చెయ్యి చెప్తది బిడ్డా. ఇడిసిన కప్పు అరచేతిల జుమ్మంటది. గట్టిది ఊకె ఉంటది. చెవి కన్న నయమే."

"చెయ్యి అందని కాడ?"

"మా గ్యాంగు కొమురయ్యను అడుగుత. నేను కర్రతోని కొట్టి, 'కొమురా, నీకు ఎట్లనిపిస్తున్నదో ముందు నువ్వు చెప్పు, నేను తర్వాత చెప్త' అంట. గాడు చెప్పినంక, 'మంచిగ పట్టినవురా' అంట." కొంచెం నవ్వాడు. "ఓదెలన్న ఎంత పనిమంతుడైనా పక్కోని మాట తీసుకుంటడని మా గ్యాంగుల నాకు మంచి పేరు."

నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే అడిగాను. "మరి కొమురయ్య కాక డ్యూటీకి రాకుండ నాగా పెట్టిన నాడు?"

బాపు గోడ మీది నుంచి చెయ్యి తీశాడు. ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆ నాగా రోజున ఆయన ఒక్కడే కాదు, ఆ కప్పు కింద ఇంకో ముగ్గురు ఉంటారు. ఆ లెక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు. గనిలో దిగనివాడు గని మనిషి కాడని ఆయన మనసులో ఉండేది. పైన డ్యూటీ వేయించుకున్న వాళ్లను మా వరుసలో వాళ్లు ఎలా ఆటపట్టించేవారో, అందులో బాపు గొంతు అందరికంటే ఎంత పెద్దగా వినిపించేదో, అది కూడా నాకు తెలుసు. నేను అవ్వకు చెప్పలేదు.

మర్నాడు బాపుకు డ్యూటీ సెలవు, దుకాణానికి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. "ఏం లేదు బిడ్డా, నిన్న చెవుల నీళ్లు వడ్డయి. ఇయ్యాల మల్ల పెట్టు. ఇనవడ్డప్పుడు వేలు లేపుత." మామ ఒక్కో స్వరం పెట్టి తీస్తుంటే బాపు వేలు లేచింది, దిగింది. పైకి పోయినా లేచింది. ఈల దాకా పోయినా, సూది దాకా పోయినా, మామ స్వరం పెట్టిన ప్రతిసారీ ఠంచనుగా లేచింది. "చెప్పిన గద, నిన్న ఏషాలేసిండని," అన్నాడు మామ. నా ఛాతీ మీది బండ దిగినట్టయింది. అప్పుడు బాపు కళ్లు చూశాను. అవి మీటరు మీద ఉన్నాయి. స్వరం పెట్టిన ప్రతిసారీ ముల్లు లేస్తుంది కదా. ముల్లు లేస్తే ఆయన వేలు లేస్తోంది.

గ్రంథాలయం పుస్తకం తీసి మీటరు ముందు నిలబెట్టాను.

బాపు ఆ పుస్తకాన్ని చాలాసేపు చూశాడు. "లైబ్రరీ పుస్తకం అడ్డం పెట్టినవా నాకు?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. మామకు అప్పుడు అర్థమైంది. ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. తర్వాత బాపే చెయ్యి చాచి పుస్తకాన్ని జాగ్రత్తగా మూసి పక్కన పెట్టాడు. ముల్లు మళ్లీ ఎదురుగా కనిపిస్తోంది. "గిది అవసరం లేదు బిడ్డా. నేనే కండ్లు మూసుకుంట," అన్నాడు. మూసుకున్నాడు.

మామ కింద నుంచి మొదలుపెట్టాడు. వేలు లేచింది. డెబ్బై దగ్గర బాపు పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. ఇంకా పైకి పోయింది, లేచింది. ఇంకా పైకి. ఒక చోట సగం లేచి ఆగింది. ఆ తర్వాత ఈల దుకాణమంతా నిండి రోడ్డు మీదికి పోతుంటే, ఆయన వేలు మోకాలి మీద అలాగే ఉండిపోయింది. చివరికి ఆయనే కళ్లు తెరిచి, "ఎందాక ఇన్న?" అని అడిగాడు. అంకె చెప్పాను. "కాయితం మీద రాసియ్యి." అట్టపెట్టెలోని స్పీకరు కాగితం ఒకటి తిరగేసి, ఖాళీ వైపు రాసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మామతో, "స్పీకరుకున్నట్టు నాకు సుత కాయితమున్నది ఇప్పుడు. ఫస్టు షిఫ్టు మాలునే," అన్నాడు. మామ నవ్వడానికి ప్రయత్నించి, మొహం అటు తిప్పుకున్నాడు.

మరుసటి రోజు ఫస్టు షిఫ్టుకు పోయినవాడు గనిలోకి దిగలేదు. ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆఫీసుకు పోయి, తన సంగతి తనే చెప్పాడట. దవాఖానలో అసలైన పరీక్షలు చేశారు, తర్వాత పైన ల్యాంపు రూములో డ్యూటీ ఇచ్చారు. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు అందించే పని. వరుసలో వాళ్లు ఆటపట్టించారు, ఆయన విననట్టు నటించేవాడు, కొన్నిసార్లు నిజంగానే వినేవాడు కాదు. కొమురయ్య కాక మాత్రం దీపం తీసుకునేటప్పుడు రోజూ, "అన్నా, ఇయ్యాల కప్పు ఎట్లనిపిస్తున్నదో ముందు నువ్వు చెప్పు," అనేవాడట. మామ పందెం ఓడిపోయినట్టు ఒప్పుకుని ఈ స్పీకరు నాకిచ్చాడు, నేను దుకాణంలోనే ఉంచుకున్నాను. ఇంట్లో పెడితే అవ్వ దాని మీద మూత పెట్టి పప్పు డబ్బా చేసేస్తుందని.

నా ప్రశ్నార్థకానికి జవాబు ఏడాది తర్వాత ఇంకో పుస్తకంలో దొరికింది. కొత్త స్పీకరు బిగుసుకుని ఉంటుంది, కొన్నాళ్లు పాడి అంచు సాగాకే కాగితం మీది సంఖ్యకు దిగుతుంది. పెట్టెలో బిగించి మూసేస్తే లోపలి గాలి కూడా స్ప్రింగులా తోసి సంఖ్యను మళ్లీ పెంచుతుంది, అప్పుడు దాన్ని ఎఫ్.సి. అంటారు. కొందరు తయారీదారులు ఎఫ్.ఎస్. అనకుండా ఎఫ్ పక్కన సున్నా వేస్తారు, రెండూ ఒకటే. ఆ ఎస్ అక్షరం దేనికి పెట్టారో మాత్రం ఈ రోజుకీ నాకు కచ్చితంగా తెలియదు. ఒకరు స్పీకరు అంటారు, ఒకరు వేలాడదీసిన అంచుకు వాడే ఇంగ్లీషు మాట అంటారు. ఇప్పుడు ఫోనులో అడిగితే క్షణంలో పది జవాబులు వస్తాయి, పదీ వేరువేరుగా ఉంటాయి. ఆ రోజుల్లో ఒక జవాబుకు నాలుగు సాయంత్రాలు పట్టేది, దారిలో చెంబు మూత కూడా అర్థమయ్యేది. ఇప్పటిది తప్పని నేననను. నా మనవల వయసు పిల్లలకు తెలిసినదాంట్లో సగం నాకు తెలియదు. కానీ కొట్టి చూడకుండా నమ్మేయడం మాత్రం నాకు ఇప్పటికీ రాదు.

అందుకే రజిత ఉండగానే కొలిచాను. తర్వాతి కాలంలో నేను మోటార్ల వైండింగే వృత్తిగా చేసుకున్నాను కాబట్టి మీటరూ రెసిస్టరూ ఇంట్లోనే ఉన్నాయి. స్వరాలకు ఫోను, దానికి చిన్న యాంప్లిఫయరు. రజితను స్వరం పెంచుతూ మీటరు చూడమని, నేను పెన్సిల్ వలయాల్లో రెండు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాను. బాపు వేళ్లు నావాటికంటే లావు, వలయాల్లో ఖాళీ మిగిలింది. కింద నుంచి మెల్లగా వచ్చింది ఆ ఊపు. "ఆగు, ఇక్కడ," అన్నాను. "వదినా, ముల్లు సుత ఇక్కడనే ఉన్నది!" అంది రజిత. 55. ఇన్నేళ్లలో అంచు ఇంకా వదులై, స్పీకరు గొంతు ఇంకొంచెం తగ్గింది. కాగితం మీది సంఖ్య అది కొత్తగా ఉన్ననాటి సంగతే.

"పైకి సుత పోనియ్యి," అన్నాను, కళ్లు తెరవకుండానే. స్వరం ఈల అయింది. ఈల సన్నబడింది, దూరమైంది, ఆగిపోయింది. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. కాసేపు చూసి అడిగాను.

"బంద్ జేసినవా?"

కళ్లు తెరిస్తే రజిత రెండు చేతులతో చెవులు మూసుకుని నన్నే చూస్తోంది.

"ఫికర్ చెయ్యకు," అన్నాను. "మల్ల కింద నుంచి పెట్టి, ఎందాక ఇన్ననో సూసి కాయితం మీద రాసియ్యి."